ఆత్మకూరు గొర్రెలు నేర్పిన ఇంగ్లీషు

మొన్న మా పక్కింటి అమ్మాయి ఏదో పోటీ పరీక్షకు చదువుకుంటూ తన పుస్తకంలోని ఒక పాఠం తెచ్చి నాకు చూపించింది. చదువుతున్నప్పుడు తెలియని ఇంగ్లీషు మాట తగిలితే, నిఘంటువు తెరవకుండా చుట్టుపక్కల మాటలను బట్టి దాని అర్థం పట్టుకోవడం ఎట్లాగో అందులో ఉంది. రకరకాల పద్ధతులట. ఒక్కో పద్ధతికి ఒక్కో పేరు, దాని కింద రంగుగీతల పెట్టెలో ఒక్కో ఉదాహరణ. ఎక్కడో విదేశాల్లో పండితులు పరిశోధన చేసి కనిపెట్టారని ముందుమాటలో గొప్పగా రాసుకున్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది.

"తాతా, పాఠం చూస్తే మీకు కోపమెందుకు?" అని ఆ పిల్ల నవ్వింది.

ఎందుకు రాదమ్మా? ఆ పండితులు పలకలు పట్టుకోకముందే నేనూ, ఒక చప్రాసీ, ఒక గొర్రెల కాపరీ ఆత్మకూరు పశువుల దవాఖాన అరుగు మీద కూర్చుని రోజూ చేసిన పని అదే. దానికి పేరు పెట్టే తీరిక మాకు లేదు. పుస్తకం అచ్చువేసిన వాళ్ళకు మమ్మల్ని అడిగే తీరిక లేదు. పైగా ఆ పాఠంలో రాయని సంగతి ఒకటుంది. అది నాకు గొర్రెలు చెప్పాయి. పరీక్షలు రాసే పిల్లలకు పనికొస్తుందో రాదో గాని, ఆ ఒక్క సంగతి కోసం ఇది రాస్తున్నాను.

నేను బడిలో చదివింది ఉర్దూలో, ఏడో తరగతి దాకా. తర్వాత చదివిందంతా ఎవరూ చెప్పకుండా చదివిందే. ఇంగ్లీషు అక్షరాలు తెలుసు. పగలు, రాత్రి, నీళ్ళు, మేత, ముందు, వెనుక, చెయ్యి, చెయ్యొద్దు వంటి చిన్న మాటలు తెలుసు. ఆ పెట్టుబడితోనే నాకు పశువుల దవాఖానలో కాంపౌండరు నౌకరీ దొరికింది. అప్పట్లో అది చాలు. మందు సీసాతో పాటు ఉర్దూలో రాసిన చీటీ వచ్చేది. ఏ జంతువుకు ఎంత, ఎట్లా అని చూసుకుని పోసేవాళ్ళం.

ఆ తర్వాత కోస్తానూ తెలంగాణనూ కలిపి కొత్త రాష్ట్రం వచ్చింది. ఉర్దూ చీటీలు ఆగిపోయాయి. బొంబాయి నుంచి వచ్చిన పెట్టె తెరిస్తే, ప్రతి సీసా మెడకు చుట్టి సన్నటి ఇంగ్లీషు అక్షరాలతో ఒక కాగితం. రాత్రికి రాత్రే నేను చదువురాని వాడినైపోయాను. ఆ రోజుల్లో తెలంగాణ ఆఫీసుల్లో నాలాంటి వాళ్ళు ఎంతమంది ఉన్నారో ఎవరైనా లెక్క తీశారా? తీయలేదు. మమ్మల్ని చూసి నవ్వడానికి మాత్రం జనం దొరికారు.

మా డాక్టరు గారు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. హస్తవాసి మంచిది. ఆవు ఈనలేక కష్టపడుతుంటే చొక్కా విప్పి బురదలో మోకాళ్ళ మీద కూర్చునేవాడు. అయితే ఆయనకు రెండు ఊళ్ళ దవాఖానలు చూసే పని. మా దగ్గర ఉండేది తక్కువ, బస్సులో ఉండేది ఎక్కువ. వచ్చిన కొత్తలో నేను ఒక మందు కాగితం పట్టుకుని ఆయన దగ్గరకు వెళ్ళి, ఇందులో ఈ మాటకు అర్థం ఏమిటి సార్ అని అడిగాను.

"ఉర్దూ చదువుకున్నవాడివి, ఇప్పుడు నీకు ఇంగ్లీషెందుకయ్యా? నేను చెప్తాగా, చెప్పినట్టు చెయ్యి," అన్నాడు.

ఎగతాళిగా అనలేదు. పని తొందరలో అన్నాడు. నాకు మాత్రం కాలింది. ఇక ఈయనను ఒక్క మాట కూడా అడగకూడదని ఆ రోజే అనుకున్నాను. ఇరవై ఏళ్ళు దాటిన వాడికి రోషం తప్ప ఇంకేం ఆస్తి ఉంటుంది? ఊళ్ళో నిఘంటువు ఉన్నది బడి పెద్ద పంతులు దగ్గర. ఆయన దాన్ని బీరువాలో పెట్టి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని తిరిగేవాడు.

అందుకని నేను వచ్చిన ప్రతి మందు కాగితాన్నీ గంజితో మందుల గది గోడకు అతికించడం మొదలుపెట్టాను. పక్కపక్కనే అతికిస్తే ఒక సంగతి కనిపించింది. ఒకే మాట నాలుగు కాగితాల్లో వస్తుంది, నాలుగు చోట్లా దాని పక్కన ఉండేవి వేరు. ఆ నాలుగింటికీ సరిపోయే అర్థం ఏదో అదే దాని అర్థం.

మొదట దొరికిన మాట పాయిజన్. అది ఉన్న ప్రతి సీసా మీదా పుర్రె, దాని కింద ఎముకలు. దానికి పండితులు అక్కర్లేదు. తర్వాత షేక్. నీళ్ళ మందులన్నిటి మీదా ఉంటుంది, పొడుల మీద ఎక్కడా లేదు. డాక్టరు గారు నీళ్ళ మందు పోసేముందు సీసాను ఏం చేస్తున్నాడా అని ఓ కన్నేసి ఉంచితే తేలిపోయింది. జంతువుల పేర్లు అంకెలు చెప్పాయి. ఏ మాట పక్కన ఎక్కువ మందు ఉందో అది పెద్ద జంతువు, ఏ మాట పక్కన అన్నిటికన్నా తక్కువ ఉందో అది పిల్ల. ల్యాంబ్ అంటే గొర్రెపిల్ల అని నాకు అట్లా తెలిసింది.

అన్నీ అంత సులువుగా దొరకలేదు లెండి. మందులను కూల్ ప్లేస్‌లో పెట్టాలని ప్రతి కాగితంలో ఉండేది. డాక్టరు గారు సీసాలను అల్మారాలో పెట్టి తాళం వేసేవాడు కాబట్టి కూల్ అంటే తాళం అని కొన్ని నెలలు మా దవాఖాన అంతా నమ్మింది. ఎండాకాలంలో ఆయన వచ్చి, సీసాలు కాలిపోతున్నాయని కేకలేసి, వాటిని నీళ్ళ కుండ కింద తడి ఇసుకలో పెట్టించాక గాని మా తాళం ఊడలేదు.

మా దవాఖాన అన్నాను కదా, అంటే నేనూ, చప్రాసీ. అతను నాకన్నా చాలా పెద్దవాడు, ముసల్మాను, అందరికీ సాయబు. ఇంగ్లీషు ఒక్క అక్షరం రాదు గాని ఉర్దూలో నా తప్పులు దిద్దేవాడు. మూడో మనిషి గొర్రెల కాపరి. కృష్ణ ఒడ్డు పల్లెల్లో గొర్లున్న వాళ్ళందరికీ పెద్దమనిషి, నేను పెద్దయ్యా అని పిలిచేవాణ్ణి. ఎర్ర తలపాగా, భుజాన గొంగడి. సంత నాడు ఊళ్ళోకి వస్తే మా అరుగు మీద కూర్చుని చుట్ట కాల్చకుండా పోయేవాడు కాదు. అక్షరం ముక్క రాదు. కానీ మాటలు పట్టడంలో నాకు దొరికిన పెద్ద సాయం ఆయనే.

ఒకసారి ఒక కాగితంలో, ఫలానా గొర్రెలకు ఈ మందు ఇవ్వొద్దు అని ఉంది. ఆ ఫలానా మాటే నాకు తెలియదు. మా ఆచారం ప్రకారం చాయ్ తెప్పించుకుని అరుగు మీద పంచాయతీ పెట్టాం.

"ముసలి గొర్లేమో," అన్నాడు సాయబు.

"ముసలిదానికి మందియ్యకుంటె దేనికిస్తవు సాయబూ? రోగమొచ్చేదే దానికి," అన్నాడు పెద్దయ్య. "గట్టి మందా గిది?"

"గట్టిదే పెద్దయ్యా. కడుపుల పురుగులన్ని పడిపోవాలె."

"అయితె సూడి గొర్రె. గట్టి మందు పోస్తె ఈసుకపోతది, పిల్ల దక్కదు. అడుగుడెందుకు దీనికి?"

నేను గోడ దగ్గరకు పోయి ఆ మాట ఉన్న మిగతా కాగితాలన్నీ చూశాను. ప్రతిచోటా గట్టి మందే, ప్రతిచోటా వద్దు అనే. ప్రెగ్నెంట్ అంటే చూడిది. ఇట్లా నేను వాక్యంలో ఖాళీ ఎక్కడుందో చెప్పడం, ఆ ఖాళీలో ఏముండాలో గొర్రెలు తెలిసినవాడు చెప్పడం, సాయబు రెంటికీ ఒప్పందం కుదర్చడం. ముగ్గురం ఒప్పుకుంటే మాట ఖాయం. అదీ మా బడి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. కృష్ణ ఒడ్డు గడ్డి నడుములోతు పెరిగింది. గొర్రెలకు అదే చేటైంది. తడి గడ్డి తిని కడుపులో పురుగులు పట్టి, దవడల కింద నీరు దిగి, బొచ్చు ఊడి, నడవలేక వెనకబడేవి. అంతకుముందు ఏడు కూడా అదే రోగంతో పెద్దయ్య మంద సగానికి దిగింది. హైదరాబాదు నుంచి వచ్చే గొర్రెల దళారి ఆయన చుట్టూ తిరుగుతున్నాడు. ఉన్న మందంతా తోలిస్తే తీసుకుపోతానంటున్నాడు. ఆ మంద పోతే ఆయనకు ఇంకేమీ లేదు. భూమి లేదు, వేరే పని రాదు. ఇద్దరు కొడుకులూ గొర్రెల వెంటే.

అప్పుడే పురుగుల మందు కొత్తది వచ్చింది. డాక్టరు గారు పెట్టె విప్పి, సీసాను వెలుతురుకు పట్టుకుని చూసి మురిసిపోయాడు.

"దీంతో ఒక్క పురుగు మిగలదయ్యా. ఎల్లుండి పొద్దున మందలన్నీ రప్పించు. పెద్దవాటికి ఎంతో, పిల్లలకు ఎంతో చూసుకుని పట్టించు. కాగితంలో అన్నీ ఉన్నాయి. నాకు జిల్లా ఆఫీసులో పనుంది, జడ్చర్ల బస్సు వచ్చేస్తోంది," అని సంచీ పట్టుకుని వెళ్ళిపోయాడు.

నేను ఆ సంగతి చెప్పగానే పెద్దయ్య కాలుతున్న చుట్ట ఆర్పి పక్కన పెట్టాడు. "దళారికి రేపు మాట ఇద్దామనుకున్న," అన్నాడు. "ఇయ్యను. నీ మందు చూస్త. చుట్టుపక్కల పల్లెలోళ్ళను గూడ నేనే పిలుస్త. నామీద నమ్మకంతోని వస్తరు. జర మంచిగ సదువు బిడ్డా."

మంచిగానే చదివాను. ఎంత మందో, ఏ జంతువుకో తేలిపోయింది. చూడి గొర్రెలను పక్కన పెట్టాలన్నది తెలిసింది. ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. ముందురోజు రాత్రంతా గొర్రెలను స్టార్వ్ చెయ్యాలట. ఆ తర్వాతే మందట. ఆ మాట గోడ మీద ఏ కాగితంలోనూ లేదు. చాయ్ తెప్పించాను.

"రాతిరంత గొర్లను ఏదో చెయ్యాలంట. గది చేసినంకనే మందు తాపాలంట," అన్నాను.

"కట్టెయ్యాల్నేమో," అన్నాడు సాయబు.

"గొర్రెను ఎవడన్న కట్టేస్తడా? గదేమన్న బర్రెనా?" అన్నాడు పెద్దయ్య.

"మల్ల రాతిరంత ఏం జేస్తరు? కూసోబెట్టి కథ జెప్తరా?"

"నేను జెప్త, ఇను. నీకు జరమొచ్చి దవాఖానకు పోతె ఏమంటరు? ఏమన్న తిన్నవా అని అడుగుతరు. ఖాళీ కడుపుల గోలి ఏస్కోకు, రెండు మెతుకులు తిని ఏస్కో అంటరు. అంటరా లేదా?"

"అంటరు," అన్నాడు సాయబు.

"మనిషికి అట్లుంటె గొర్రెకు గూడ గట్లనే గదా. మా తాతల కాలంల ఆకుపసరు పోసినా, కడుపునిండ మేపినంకనే పోసుడు. లేకుంటె పేగులు కాలిపోవా? గా మాట గదే. రాతిరంత కడుపునిండ మేపుమని."

వాక్యంలో పెట్టి చూశాను. రాత్రంతా జంతువులను కడుపునిండా మేపాలి, ఆ తర్వాత మందు ఇవ్వాలి. కుండకు మూత పెట్టినట్టు కుదిరింది. మా ప్రాంతంలో పుట్టినవాడు ఎవడైనా అదే అనేవాడు. ఖాళీ కడుపున మందు మింగడం అంటే మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఊరుకునేవాళ్ళా? ముగ్గురం ఒప్పుకున్నాం. మాట ఖాయమైంది. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. పల్లెపల్లెకూ కబురు వెళ్ళింది: ముందురోజు గొర్రెలను బాగా మేపండి.

అందరూ ఇంత శ్రద్ధగా పాటించిన సర్కారు ఆజ్ఞను నా నౌకరీలో నేను మళ్ళీ చూడలేదు.

ఆ పొద్దున బందెలదొడ్డి ముందు మైదానం గొర్రెలతో నిండిపోయింది. బందెలదొడ్డి అంటే ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. చేలల్లో పడి పంట మేసిన పశువులను తెచ్చి మూసి ఉంచే రాతిగోడల దొడ్డి. గొర్రెలు నిలబడటం లేదు. కూర్చుని నెమరేస్తున్నాయి. కొన్ని కాళ్ళు చాచి పడుకున్నాయి.

"సారూ, మా గొర్లు పెండ్లిల తిన్న సుట్టాల లెక్క ఒరిగినయి, నడుస్తలేవు," అన్నాడు ఒకడు.

"మావి పొద్దూకిన కాడి నుంచి తుమ్మకాయలే తుమ్మకాయలు," అన్నాడు ఇంకొకడు. "నా పెండ్లాం జొన్న గటుక గూడ పోసింది. నాకు పెట్టలె గాని, గొర్లకు పెట్టింది."

"నీకు పురుగులు లేవు గద మామా," అని ఎవడో అరిచాడు. అంతా నవ్వారు.

సాయబు మందు కలిపాడు. వెదురు గొట్టాలు కడిగి వరుసగా పెట్టాడు. మాట ఇచ్చినవాడు కాబట్టి తొలి గొర్రె పెద్దయ్యదే. ఆయన పెద్ద కొడుకు ఒక పొట్టేలును తొడల మధ్య ఇరికించుకుని, దవడ పట్టి నోరు తెరిచాడు. నేను మందు కొలవడానికి ముందు, పిల్లలకు ఎంతో ఇంకోసారి చూద్దామని కాగితం విప్పాను. ఎండ పడుతోంది. పిల్లల అంకె చూసి, ఊరికే కన్ను కింది వరుస మీదికి జారింది.

ఆ వరుసలో నాకు తెలియని మాట ఒక్కటీ లేదు. మందు ఇచ్చిన కొన్ని గంటల తర్వాత మేత, నీళ్ళు ఇవ్వవచ్చు.

మొన్న ఆ వరుస నా కంటపడలేదా అంటే పడింది. కానీ అప్పటికే అర్థం దొరికిపోయిందన్న సంబరంలో ఉన్నాను. మనసుకు నచ్చిన అర్థం ఒకటి కుదిరాక, ఆ తర్వాత వచ్చే వాక్యాలు కళ్ళముందు ఉన్నా కనిపించవు. పక్కింటి పిల్ల పుస్తకంలో రంగుపెట్టెలు ఇన్ని ఉన్నాయి, ఈ ముక్క రాసిన పెట్టె ఒక్కటీ లేదు.

రాత్రంతా మేసిన గొర్రెకు, మందు తర్వాత మేత ఎప్పుడు పెట్టాలో బొంబాయి వాళ్ళు అంత శ్రద్ధగా ఎందుకు చెప్తారు?

"ఆపున్రి!" అని అరిచాను.

పొట్టేలు నోరు తెరుచుకునే ఉంది. గొట్టం దాని పెదవి మీద ఉంది.

"ఏమైంది బిడ్డా?" అన్నాడు పెద్దయ్య.

"మనం చెప్పుకున్న అర్థం తప్పనిపిస్తాంది పెద్దయ్యా. మేపుడు కాదు. కడుపు ఎండగట్టుడు."

మైదానమంతా ఒక్కసారి భగ్గుమంది. నిన్న మేపుమంటివి, ఇయ్యాల ఎండగట్టమంటవా అని ఒకడు. మేము ఎంత దూరం నుంచి తోలుకొచ్చినమో నీకేమెరుక అని ఇంకొకడు. వెనక నుంచి ఒక గొంతు గట్టిగా వినిపించింది.

"గీ కంపోండరుకు ఇంగ్లీషు రాదు. మన గొర్లమీద నేర్సుకుంటుండు!"

ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. పచ్చి నిజం కాబట్టి.

పెద్దయ్య చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. నా చేతిలో కాగితం తీసుకుని, చదవగలిగినవాడిలాగా ఎండకు పట్టి చూశాడు. తిరిగి నాకు ఇచ్చాడు.

"కింద ఏమున్నదో ఒక్కొక్క మాటే చెప్పు."

ఒక్కొక్క మాటకూ వేలు పెట్టి చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"కడుపు నిండినోనికి మల్ల బువ్వ ఎప్పుడు పెట్టాలె అని ఎవడన్న అడుగుతడా?" అన్నాడు నెమ్మదిగా. "ఉపాసమున్నోని కాడనే గదా గా ముచ్చట. ఉపాసమే అని నిక్కచ్చిగ చెప్తవా?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "చెప్పలేను పెద్దయ్యా. గట్లనే అనిపిస్తాంది."

"చూడు మరి. ఒక్క పూట ఎండితె గొర్రె సావదు. తప్పు పద్ధతిల మందు పడితె సస్తది. ఇందుల ఆలోచన ఏమున్నది?" అని ఆయన జనం వైపు తిరిగాడు. "మేపుమన్న మాట చెప్పింది ఈ పోరడు కాదు, నేను. తిట్టేదుంటె నన్ను తిట్టున్రి. తిట్టుడు అయినంక గొర్లను దొడ్లకు తోలున్రి. బయటుంటె ఏదో ఒకటి కొరుకుతయి."

కొంచెంసేపు తిట్టారు. ఆయన నిలబడి విన్నాడు. తర్వాత తోలారు.

బందెలదొడ్డి కాపలావాడు తలుపు దగ్గర నిలబడి గొర్రెల మందలు వస్తుంటే నోరు వెళ్ళబెట్టాడు.

"గిన్ని గొర్లా! ఎవల చేన్ల పడ్డయి?"

"ఎవల చేన్ల పడలే," అన్నాడు పెద్దయ్య. "ఇంగ్లీషుల పడ్డయి. తలుపు తీయ్."

ఆకలేసిన గొర్రెల మంద ఎట్లా అరుస్తుందో విన్నవాళ్ళకే తెలుసు. సాయంత్రానికి మొదలైంది. బజారులో ఒకరి మాట ఒకరికి వినపడలేదు. చాయ్ హోటలు మనిషి వచ్చి అడిగాడు, ఠాణా నుంచి జవాను వచ్చి అడిగాడు, బడి పెద్ద పంతులు తాళంచెవి చప్పుడు చేసుకుంటూ వచ్చి అడిగాడు. వచ్చిన ప్రతివాడికీ సాయబే జవాబు.

"ఏం లేదు భాయ్. గొర్లు రోజా పట్టినయి."

"రోజా కాదు, శివరాత్రి," అనేవాడు పక్కనే గొంగడి పరుచుకుని కూర్చున్న పెద్దయ్య. "జాగారం గూడ ఉన్నది, చూస్తలేవా?"

ఊరంతా జాగారమే చేసింది. నేను మాత్రం ఊరి కోసం మేలుకోలేదు. ఈ రెండో అర్థం కూడా తప్పైతే ఏమిటన్న భయంతో మేలుకున్నాను. మొదటి అర్థం కూడా ఇట్లాగే కుదిరింది కదా. తప్పైతే పెద్దయ్య మళ్ళీ నా అరుగు ఎక్కడు. అసలు దవాఖానకు రావడానికి ఆయనకు మంద కూడా మిగలదు.

తెల్లవారి మొదటి బస్సు ఇంకా సరిగా ఆగకముందే డాక్టరు గారు దూకాడు. చొక్కా గుండీలు ఒకదానికి ఒకటి కుదరలేదు. దారి పొడవునా పరుగెత్తుకుంటూ వచ్చి గసపెట్టాడు.

"మందు పట్టేశారా?"

"లేదు సార్. రాత్రి స్టార్వ్ చేసినం. ఇప్పుడు మొదలుపెడదామని," అన్నాను. ఆ మాట బయటికి పలకడం అదే మొదలు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆయన అరుగు మీద కూలబడ్డాడు. రుమాలుతో మొహం తుడుచుకున్నాడు.

"బతికించావయ్యా. పస్తు పెట్టమని నీకు చెప్పడం మర్చిపోయాను. నిన్న సాయంత్రం తిరుగు దారిలో బస్సు జడ్చర్ల చేరాక గుర్తొచ్చింది. రాత్రి ఇటు రావడానికి బండి లేదు, కబురు పెట్టడానికి దారి లేదు. కడుపునిండా ఉన్నప్పుడు పడితే సగం గొర్రెలు ఎక్కడివక్కడే పోతాయి. రాత్రంతా కంటిమీద కునుకు లేదు." అప్పుడు తలెత్తి నావైపు చూశాడు. "అది సరే, ఆ మాటకు అర్థం నీకెవరు చెప్పారు?"

నేను నోరు తెరిచేలోగా పెద్దయ్య అందుకున్నాడు.

"గొర్లే జెప్పినయి సారూ. రాతిరంత గదే మాట అరుసుకుంట కూసున్నయి."

డాక్టరు గారు నవ్వాడు. ఎంత నవ్వాడంటే, గుండీలు తప్పుగా పెట్టుకున్న సంగతి అప్పుడు తెలిసి, నవ్వుతూనే విప్పి మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత చొక్కా చేతులు మడిచి, మాతో పాటు గొర్రెల దవడలు పట్టడానికి దిగాడు. ఆ మధ్యాహ్నం మందు పట్టించడం అయిపోయాక, మేత పెట్టే వేళ వచ్చేదాకా అందరం దొడ్డి గోడ మీద కూర్చున్నాం. తలుపు తీయగానే గొర్రెలు మమ్మల్ని తొక్కుకుంటూ పోయాయి. ఒక్కటి కూడా వెనక పడి లేదు.

కొన్నాళ్ళకు దవడల కింద నీరు తీసింది. బొచ్చు మెరిసింది. దళారి ఇంకో రెండుసార్లు వచ్చి, మందను చూసి, ఈసారి ధర పెంచాడట. పెద్దయ్య అతనికి చాయ్ తాగించి పంపించాడు.

నా సంగతి అడుగుతారేమో. డాక్టరు గారు ఆ తర్వాత మందు కాగితాలు నా చేతికిచ్చి, ముందు నువ్వు చెప్పు అనేవాడు. తప్పు చెప్తే అర్థం చెప్పేవాడు కాదు, ఇంకా కిందికి చదువు అనేవాడు. నాకు కోపం వచ్చేది. అర్థం చెప్పేస్తే ఆయన సొమ్మేం పోయింది? అయితే కోపంతో చదివింది మరిచిపోలేం. ఆ కోపం మీదనే నేను మందు కాగితాలు దాటి పత్రికలకు, పత్రికలు దాటి పుస్తకాలకు వచ్చాను. నిఘంటువు కొన్నది చాలా ఏళ్ళ తర్వాత. కొన్నాక అందులో మొదట వెతికిన మాట ఏమిటో చెప్పక్కర్లేదు.

ఇక పెద్దయ్య. మరుసటి ఏడు వానల తర్వాత ఇంకో కొత్త మందు వచ్చింది. మళ్ళీ అదే మైదానం. సాయబు గొట్టాలు కడిగాడు. పెద్దయ్య కొడుకు పొట్టేలును పట్టుకున్నాడు. అందరూ నా కొలత గ్లాసు వైపు చూస్తున్నారు. పెద్దయ్య మాత్రం గొంగడి పరుచుకుని నింపాదిగా కూర్చున్నాడు.

"కాగితం తీయ్," అన్నాడు. "మొత్తం సదువు. మాకు వినిపించేటట్టు సదువు."

చదివాను. ముందు ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో, వరుస వరుసకూ. కాపరులు గొంతుక్కూర్చుని, యక్షగానం విన్నట్టు తలలూపుతూ విన్నారు. మధ్యలో ఎవడో దగ్గితే పక్కవాడు గదిమాడు. చివరికి వచ్చి కాగితం మడవబోయాను.

"అయిపోయిందా?"

"అయిపోయింది పెద్దయ్యా."

"అడుగున సన్నగ ఇంకేదో కనిపిస్తాంది?"

"అది మందు ముచ్చట కాదు. కాగితం అచ్చేసినోళ్ళ పేరు, ఊరు."

"గదిగూడ సదువు."

చదివాను. బొంబాయిలో ఏ వీధో, ఎన్నో నంబరు ఇల్లో, అంతా చెప్పాను.

"గా అచ్చేసినోనికి గొర్లున్నయా?"

"తెల్వదు పెద్దయ్యా. అది రాయలేదు."

"రాయాలె," అన్నాడు. తర్వాత లేచి, గొంగడి దులిపి భుజాన వేసుకుని, కొడుకు వైపు తల తిప్పాడు. "సరే, నోరు తెరువు దానిది."